ఒక్క దువ్వెన, ఆరు తలలు

మా ఇంట్లో దువ్వెన ఒక్కటే ఉండేది. తలలేమో ఆరు. మామ్మ, నాన్న, అమ్మ, అన్నయ్య, నేను, చెల్లి. పొద్దున్న ఏడున్నర దాటిందంటే దానికోసం వరస కట్టాల్సిందే. నాన్నది రెండు దువ్వులతో అయిపోయే తల, పైగా బడికి అందరికంటే ముందు వెళ్ళాలి కాబట్టి మొదటి హక్కు ఆయనది. తర్వాత అన్నయ్య. వాడు అద్దం ముందు నిలబడి పాపిడి ఎడమకా కుడికా అని ఆలోచిస్తుంటే వంటింట్లోంచి అమ్మ కేకలేసేది. ఆఖరున మేమిద్దరం. అమ్మ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, జుట్టు వెనక్కి లాగి లాగి రెండు జడలు వేసేది. ఆ బిగువుకి కళ్ళు కూడా పైకి లాక్కుపోయేవి. అంతా అయ్యాక దువ్వెన తుడిచి అద్దం వెనక గూట్లో పెట్టాలి. తడితో పెడితే మామ్మ ఊరుకునేది కాదు.

పేల దువ్వెన వేరే ఉండేది లెండి, చెక్కది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అది వైద్యం కిందకి వస్తుంది.

నేను చెప్పేది కొమ్ము దువ్వెన గురించి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇప్పుడు గజపతి జిల్లా అంటారు గానీ 1992 దాకా మేం గంజాం జిల్లా వాళ్ళమే. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా వీధిలో ఒక అరుగు మీద తెలుగు, ఎదురు అరుగు మీద ఒడియా నడిచేవి. మధ్యలో ఆడుకునే పిల్లలకి ఏ మాట ఎవరిదో తెలిసేది కాదు. కొమ్ము పనికి మా ఊరు పేరున్నది. గేదె కొమ్ముతో, ఆవు కొమ్ముతో కొంగలు, చేపలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు చేసేవాళ్ళు. ఆ రొయ్య మీసాలు చూస్తే నిజంగా కదులుతున్నాయా అనిపించేది. పట్నాల నుంచి వచ్చినవాళ్ళు బొమ్మలు కొనుక్కునేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళం దువ్వెనలు కొనుక్కునేవాళ్ళం.

మా దువ్వెన నేను పుట్టక ముందుది. చెయ్యెడు పొడుగు, ఒక వైపు వెడల్పు పళ్ళు, ఇంకో వైపు సన్నవి. చూడటానికి నల్లగానే ఉండేది, కానీ కిటికీలోంచి ఎండ పడే చోట పట్టుకుంటే అంచుల్లో తేనె రంగు కనపడేది, మధ్యలో పొగలాగా నల్లటి చారలు. చెల్లీ నేనూ దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని వీధిని చూసేవాళ్ళం. వీధంతా గీతలు గీతలుగా కనపడేది. పళ్ళ చివర్లు మొండిగా, నున్నగా ఉండేవి, నెత్తికి గుచ్చుకునేవి కావు. ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టు దువ్వితే చిటపటమని లేచి నిలబడుతుంది కదా, దీంతో అలా అయ్యేది కాదు. ఎందుకని నాన్ననడిగితే, "మన వెంట్రుక ఏ పదార్థమో, గోరు ఏ పదార్థమో, కొమ్మూ అదే. చుట్టాలు దెబ్బలాడుకోవు" అన్నారు. చుట్టాలు దెబ్బలాడుకోకపోవడం నేను మా ఇంట్లో చూడలేదు గానీ, మొదటి మాట మాత్రం నిజమే. మూడూ కెరటినే.

ఐదో తరగతిలో ఉన్నప్పుడు నేను ఆ దువ్వెనని పాడుచేశాను.

నా పక్కన కూర్చునే పిల్ల దగ్గర్నుంచి నాకు పేలు ఎక్కాయి. అదే వారం పాఠంలో, నీళ్ళు మరిగిస్తే సూక్ష్మక్రిములు చచ్చిపోతాయని చదువుకున్నాం. పేలు సూక్ష్మక్రిముల కంటే పెద్దవే కదా, ఇంకా బాగా చస్తాయి అనుకున్నాను. పెరట్లో స్నానాలకి కాగులో నీళ్ళు సలసలమని మరుగుతున్నాయి. దువ్వెన తీసుకెళ్ళి అందులో వేశాను. వేసి, జామచెట్టు దగ్గర ఏదో ఆటలో పడి మర్చిపోయాను. గుర్తొచ్చి గరిటెతో తీసేసరికి అది దువ్వెనలా లేదు. ఎండి రాలిన మామిడాకులా వంకర తిరిగి ఉంది. భయమేసింది. రెండు చేతులతో పట్టుకుని తిన్నగా చేద్దామని వంచాను. టిక్కుమని ఒక పన్ను విరిగి కాళ్ళ దగ్గర పడింది.

దాన్ని ట్రంకు పెట్టె వెనక దాచాను. రాత్రంతా టెన్షన్. పొద్దున్న ఏడున్నర అవనే అయింది. గూట్లో దువ్వెన లేదు. నాన్న జుట్టు చేత్తో సవరించుకుని బడికి వెళ్ళిపోయారు. అన్నయ్య మాత్రం ఇంట్లో దొంగలు పడ్డంత గోల చేశాడు. నేను నోరు విప్పలేదు గానీ మొహమే చెప్పేసింది. అమ్మ చెయ్యి ఎత్తింది. మామ్మ అడ్డం వచ్చి, "ఉండవే, గుంటని కొడితే పన్ను మొలుస్తాదేటి?" అని ఆ వంకర దువ్వెనని చీర చెంగులో చుట్టి, నా రెక్క పట్టుకుని బయల్దేరింది.

కొమ్ము పనాయన ఇల్లు రెండు వీధుల అవతల. ఇల్లే దుకాణం. వసారాలో నేలకి ఒక మొద్దు పాతి ఉండేది. దానికి అటూ ఇటూ కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. చుట్టూ కొమ్ముల కుప్ప, పక్కన బొగ్గుల కుంపటి, చిన్న రంపాలు, ఆకురాళ్ళు, నూనె గిన్నె. ఆయన ఒడియా ఆయన, తెలుగు వచ్చు, కానీ ప్రతి మాటా కొంచెం గుండ్రంగా పలికేవాడు. మామ్మని మౌసీ, అంటే పిన్నీ అనేవాడు. మామ్మ చెంగు విప్పి చూపించగానే నా వంక చూసి, ఏం జరిగిందో అడక్కుండానే "వేడి నీళ్ళా, మా?" అన్నాడు. అక్కడ ఆడపిల్లని 'మా' అని పిలుస్తారు. ఆ పిలుపు వినగానే నాకు ఏడుపొచ్చింది.

నేను తెలివిగా, "కొత్తది కొనేద్దాం మామ్మా" అన్నాను. మామ్మకి అప్పటికి పై వరసలో నాలుగు పళ్ళు లేవు. ఆయన మామ్మని చూసి, నన్ను చూసి, "ఒక పన్ను పోతే నోరు పారేస్తారా?" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది మామ్మే.

తర్వాత ఆయన చేసిన పని నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. దువ్వెనకి నూనె పట్టించి, పటకారుతో పట్టుకుని నిప్పుల మీద అటూ ఇటూ తిప్పాడు. నిప్పుకి తగిలించలేదు, సెగ మాత్రం చూపించాడు. పొయ్యిలో వెంట్రుక పడితే వచ్చే కమురు వాసన లేచింది. మధ్యమధ్యలో తీసి బొటనవేలితో నొక్కి చూసేవాడు. మూడోసారో నాలుగోసారో, మెత్తబడింది అనుకున్నాక, రెండు చెక్కల మధ్య పెట్టి తాడు బిగించి దాని మీద ఒక బండ పెట్టాడు. నిన్న నీళ్ళ వేడికి వంకర పోయింది, ఈ రోజు నిప్పు సెగకి తిన్నగా అవుతోంది. వేడి అదే. ఎంత చూపించాలో, తర్వాత ఎలా బిగించాలో తెలియడంలోనే తేడా అంతా ఉంది.

అది చల్లారేదాకా కూర్చున్నాం. ఆయన ఖాళీగా కూర్చోకుండా కొత్త దువ్వెనకి పళ్ళు కోస్తున్నాడు. కొమ్ము మొన గట్టిగా ఉంటుంది, అది బొమ్మలకి. బోలుగా ఉండే కింది భాగాన్ని చీల్చి, సెగ చూపించి, పలకలా చదును చేస్తే దువ్వెనలకి. పళ్ళు ఎటు పడితే అటు కోయకూడదట. కొమ్ములో పీచు ఎటు పోతే పళ్ళూ అటే పోవాలి, అడ్డంగా కోస్తే నెల తిరక్కుండా విరుగుతాయి. ఒక్కొక్క పన్నూ రంపంతో కోయాలి, ఒక్కొక్క సందులో ఆకురాయి దూర్చి నున్నగా అరగదీయాలి. ఎన్ని పళ్ళో లెక్కపెడదామని మొదలుపెట్టి ఇరవై దాటాక మధ్యలో తప్పిపోయాను.

చల్లారాక తాడు విప్పాడు. దువ్వెన తిన్నగా వచ్చింది. పూర్తిగా కాదు, బల్ల మీద పెడితే ఒక మూల ఇప్పటికీ బియ్యపు గింజంత లేస్తుంది. విరిగిన పన్ను మొదలు గరుగ్గా ఉంటే, జుట్టు పట్టుకోకుండా దాన్ని కూడా అరగదీసి గుండ్రంగా చేశాడు. ఆఖరికి తన తలే ఒకసారి దువ్వుకుని చూసి మామ్మకి ఇచ్చాడు. మామ్మ అర్ధ రూపాయి ఇచ్చింది. చాలదేమోనని ఇంకో పావలా తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "థాఉ, మౌసీ, థాఉ" అన్నాడు.

ఈ 'థాఉ' గురించి ఒక మాట చెప్పాలి. మనం వడ్డించేవాళ్ళతో చాలు అంటాం. అంటే నా ఆకలికి ఇది సరిపోయింది అని. ఒడియా వాళ్ళు ఆ చోట చాలాసార్లు 'థాఉ' అంటారు. దానికి అక్షరాలా అర్థం 'ఉండనీ' అని. అంటే మిగిలింది నీ గిన్నెలోనే ఉండనీ, ఇంకొకరికి పనికొస్తుంది అన్నట్టు నాకు వినపడేది. ఒడియా పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, మా ఇంట్లో మాత్రం రెండు మాటలూ వాడేవాళ్ళం. అన్నానికి చాలు. డబ్బు పుచ్చుకోవద్దనుకున్నప్పుడు థాఉ.

దువ్వెన తర్వాత మా ఇంట్లో అంత గౌరవం కంచు గిన్నెకి. మామ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. కంచు, ఇత్తడి సామాన్లకి మా వైపు శ్రీకాకుళం జిల్లా బుడితి పేరు చెప్తారు. మామ్మ గిన్నె కూడా బుడితిదేనని ఆవిడ వాదన. ఎండాకాలం దాంట్లో చోడి అంబలి పోసుకుని, ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. సంతలో కంచు కొనాలంటే ముందు గోటితో మీటి వినాలని నాకు నేర్పింది ఆవిడే. మంచి కంచు ఖంగుమని మోగి, ఆ మోత సన్నబడుతూ చాలాసేపు ఉంటుంది. బీట ఉంటే డబ్బుమని ఆగిపోతుంది. బడిలో ఒక పద్యం నేర్చుకుని వచ్చి, మోగే కంచు కంటే మోగని బంగారం గొప్పదట మామ్మా అని చెప్పాను. ఆవిడ గుటక వేసి, "గొప్పదే. దాంట్లో అంబలి తాగితే ఎలగుంటాదో మీ మేష్టార్ని అడిగి రా" అంది.

ఇత్తడివి ఎక్కువే ఉండేవి. బిందెలు, గుండిగ, నీళ్ళ చెంబు. ఆ చెంబు మెడ నాలుగు వేళ్ళకీ సరిగ్గా సరిపోయేది, వంపితే నీళ్ళు అంచు వెంట కారకుండా తిన్నగా ధారగా పడేవి. పులుసు కాచే గిన్నెలకి మాత్రం ఏడాదికోసారి కళాయి వేయించాలి, లేకపోతే పులుపు తగిలి కిలుం పడుతుంది. కళాయి వేసేవాడు వీధి మొగలో గొయ్యి తీసి, తోలుతిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి కూర్చునేవాడు. గిన్నె ఎర్రగా కాలాక నవాసారం చల్లేవాడు. బుస్సుమని తెల్లటి పొగ, గొంతులో పట్టుకునే ఘాటు. ఆ వేడిలో తగరం ముక్క రాస్తే ఇట్టే కరిగిపోయేది, దూది ఉండతో గిన్నె లోపలంతా తిప్పి తుడిచేవాడు. పచ్చగా మాసిపోయిన గిన్నె రెప్పపాటులో వెండిలా అయిపోయేది. పిల్లలమంతా అప్పుడు ఒక్కసారిగా అరిచేవాళ్ళం. ప్రతి గిన్నెకీ అరిచేవాళ్ళం.

సంత రోజు కొండల నుంచి సవరలు దిగేవాళ్ళు. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తెచ్చేవాళ్ళు. మామ్మ చీపురు కొనేటప్పుడు అరచేతి మీద కొట్టి చూసేది, పొట్టు రాలితే పక్కన పడేసేది. వానాకాలం పొలాల్లో నాట్లు వేసేవాళ్ళు నెత్తి మీద, వీపు మీద కప్పుకునే ఆకుల గిడుగులు కూడా చూసేదాన్ని. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వంగి నాటు వేసుకోవచ్చు. గొడుగు పట్టుకుని నాటు వేయమనండి చూద్దాం.

గిడుగు అంటే గుర్తొచ్చింది. మా ఊళ్ళో మేష్టరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఇంటిపేరు కూడా అదే మాట. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. జనం మాట్లాడే తెలుగుంది, అది చాలు, అందులోనే పుస్తకాలు రాయండి అని ఆయన జీవితమంతా వాదించాడు. నాన్న బళ్ళో తెలుగు చెప్పేవారు కాబట్టి ఇంట్లో ఆయన పేరు రోజూ వినపడేది. అన్నయ్య వ్యాసంలో ఎక్కడైనా గంభీరమైన సమాసం పెడితే, "ఈ మాటతో అమ్మని ఉప్పు అడగ్గలవా?" అనేవారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు పోయినప్పుడు పంతులు గారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ సంగతి చెప్పేటప్పుడు నాన్న గొంతు ఒకలా అయ్యేది. మేం మాత్రం అక్కడే ఉండిపోయాం, ఉద్యోగం అక్కడ, ఇల్లు అక్కడ.

ఆ రాజమండ్రి నుంచే నాన్న ఒక రత్నం పెన్ను తెచ్చుకున్నారు. రత్నం పెన్నంటే మామూలు మాట కాదు, 1935లో గాంధీ గారు కూడా వాళ్ళ పెన్ను గురించి ఉత్తరం రాశారు. లేతుమిషను మీద చేత్తో తిప్పి చేసిన నల్లటి ఎబొనైట్ పెన్ను. అప్పు చేసి కొన్నారని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. ఆదివారం పొద్దున్న దాన్ని విప్పి, గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, ఫిల్లరుతో చుక్క కింద పడకుండా ఇంకు పోసేవారు. ఆ పని చేసేటప్పుడు ఆయనతో మాట్లాడకూడదు. ఇరవై ఏళ్ళు రాయగా పాళీ ఆయన చేతి వాలుకి అరిగిపోయింది. వేరేవాళ్ళు రాస్తే గీరుకునేది. మేం దొంగతనంగా వాడితే ఆ రోజే దొరికిపోయేవాళ్ళం.

మధ్యలో ఎవరో ఒక పెన్ను బహుమానంగా ఇచ్చారు, బంగారు పూత, పెట్టెతో సహా. నెల తిరక్కుండానే క్యాపు వదులైంది, చొక్కా జేబు నీలమైంది. నాన్న దాన్ని పారేయలేదు, వాడనూ లేదు. కానీ అప్పుడు ఆయన అన్న మాట నాకు చాలా ఏళ్ళకి గానీ ఎక్కలేదు. "సరుకు మంచిదైతే ఒకటి చాలు అనిపిస్తుందే. చెడ్డదైతే ఇంకోటి కావాలనిపిస్తుంది. ఆశ మనదే అనుకుంటాం గానీ సగం ఆ సరుకుది." నేను చాలా రోజులు తృప్తి అనేది మనసుకి నేర్పుకోవలసిన సుగుణం అనుకున్నాను. గూట్లో ఒక్కటే దువ్వెన ఉన్నా రెండోది కావాలని మాకెవ్వరికీ ఎందుకు తోచలేదో ఇప్పుడు అర్థమవుతోంది. మేమేమీ గొప్పవాళ్ళం కాదు. దువ్వెన బాగుండేది, అంతే.

ఇదంతా అమ్మ వింటే ఒప్పుకోదు. "మీ నాన్న పెన్ను కడుక్కుంటూ కూర్చునేవారు, నేను రుబ్బురోలు దగ్గర కూర్చునేదాన్ని. రోలు కూడా బాగా చేసిందే, అరగలేదు, విరగలేదు. నా రెక్కలే అరిగాయి" అనేది. మిక్సీ కొన్న రోజు దానికి కుంకుమబొట్టు పెట్టి, మళ్ళీ రోలు మొహం చూడలేదు. ఆవిడకి ఉన్న పట్టుచీర ఒక్కటే, బరంపురం పట్టు, అంచులో రంపం పళ్ళలాగా ఫొడ కుంభ అనే నేత. ప్రతి పెళ్ళికీ అదే కట్టేది. "చాలు అనుకున్నానా, ఉన్నది అదే కాబట్టి కట్టుకున్నానా, నన్నెవరడిగారు?" అని నవ్వుతూనే అనేది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లేమిని తృప్తి అని పేరు మార్చి చెప్పుకోవడం మన జ్ఞాపకాల్లో మామూలే. నేనూ ఇక్కడ ఎంతో కొంత ఆ పని చేస్తూనే ఉండి ఉంటాను.

రైలు సంగతి చెప్పకుండా పర్లాకిమిడి గురించి రాస్తే మా ఊరి వాళ్ళు ఊరుకోరు. నౌపడ నుంచి మా ఊరికి రాజా వారు వేయించిన చిన్న రైలు, 1900 నుంచి నడిచింది. తర్వాత 1931కి గుణుపూర్ దాకా పోయింది. రెండున్నర అడుగుల పట్టాలు, బొమ్మరిల్లులాంటి పెట్టెలు. ఎదుటివాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకి తగిలేవి, దిగేలోపు వాళ్ళింటి పెళ్ళి సంబంధాలన్నీ తెలిసేవి. దాని నెమ్మది మీద ఊరంతా జోకులే. నాన్న మాత్రం, "టెక్కలి సంతకి వెళ్ళొచ్చేవాడికి ఇంతకంటే తొందరేముంది?" అనేవారు. 2004లో ఆపేశారు. పెద్ద లైను వేశాక 2010లో మా ఊరికి మళ్ళీ రైలొచ్చింది. ఇప్పుడు హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు, ఎవరి సంబంధాలూ తెలియవు.

పెళ్ళయ్యాక నేను బరంపురం వచ్చేశాను. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే రిటైర్మెంటు. మామ్మ పోయాక సామాన్లు పంచుకున్నప్పుడు నాకు కంచు గిన్నె, నీళ్ళ చెంబు, ఎవరూ అడగని దువ్వెన వచ్చాయి. చెంబుని నేను పోగొట్టుకున్నాను. పోగొట్టుకోవడమేంటి, ఇచ్చేశాను. పాత ఇత్తడికి స్టీలు సామాన్లు ఇస్తామని వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి మూడు స్టీలు డబ్బాలు తీసుకున్నాను. అప్పుడు అందరం అదే చేశాం, చింతపండు పెట్టి తోముకునే ఓపిక ఎవరికుంది? డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి, బాగానే ఉన్నాయి, కందిపప్పు పోసుకుంటున్నాను. కానీ గ్లాసులోకి నీళ్ళు వంపినప్పుడల్లా, అంచు వెంట కారి చెయ్యి తడిసినప్పుడల్లా, ఆ చెంబు మెడ నా వేళ్ళకి గుర్తొస్తుంది.

కిందటి శీతాకాలం మా అమ్మాయి పిల్లని తీసుకుని వచ్చింది. స్నానాల గది సొరుగులో వెతికితే దువ్వెనలు పదకొండు తేలాయి, అందులో ఆరు ఒకే ప్యాకెట్టులో వచ్చినవి. మనవరాలిది రింగుల జుట్టు. పదకొండింటిలో ఒక్కటీ దానికి ఒప్పలేదు, చిక్కు దగ్గర ఆగి దాన్ని ఏడిపించాయి. నేను బీరువాలోంచి కొమ్ము దువ్వెన తీశాను. కొద్దిగా నూనె రాసి, వెడల్పు పళ్ళతో కింద నుంచి పైకి మెల్లగా దువ్వాను. పన్ను లేని చోట దాని వేలు పెట్టి, "అమ్మమ్మా, దీనికి కూడా పాలపన్ను ఊడిందా?" అంది.

ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. పిల్లకి ఒకటి కొందామని పోయిన నెల రైలెక్కి పర్లాకిమిడి వెళ్ళాను. ఆ పాత వసారా లేదు, అక్కడిప్పుడు డాబా. అడుగుతూ పోతే ఇంకో వీధిలో ఒక కుర్రాడు కొమ్ము పని చేస్తూ కనపడ్డాడు. అద్దాల బీరువాలో వరసగా కొంగలు, వినాయకులు, నెమళ్ళు. దువ్వెనలు లేవు. "చేసేవాళ్ళం అక్కా. రోజంతా కూర్చుని ఒకటి చేస్తే, బజార్లో ఇరవై రూపాయలకి వస్తుంది కదా అంటారు. బొమ్మకైతే బేరం ఆడినా కొంటారు" అన్నాడు. అతన్ని ఏమనగలం? నేను సంచిలోంచి మా దువ్వెన తీసి చూపించాను. కిటికీ వైపు తిరిగి వెలుగులో పట్టుకుని చూశాడు. పళ్ళ మొదళ్ళ దగ్గర గోరు పెట్టి నడిపించాడు. మూల లేచిన చోట బల్ల మీద పెట్టి నొక్కి చూసి, "దీన్ని ఇప్పుడు కదపకండి, ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు. ఒక గుడ్డ నూనెలో ముంచి రెండు వైపులా రుద్ది ఇచ్చాడు. ఎంత అంటే చెయ్యి అడ్డం పెట్టేశాడు.

ఊరికే తిరిగి రావడం బాగుండదు కదా. అతని టైము తిన్నాను, నూనె వాడించాను. ఆ మొహమాటంలో ఒక కొంగని కొన్నాను. నాలుగు వందలు. టీవీ పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, వారానికోసారి దాని మీద దుమ్ము తుడుస్తాను. మామ్మ ఉంటే గోటితో మీటి చూసి, ఇది దేనికే అని అడిగేది.